పేరు ఎందుకు రాశారో ముందు చూడు

హుమ్మ,
గంజాం జిల్లా, ఒడిశా.

చిరంజీవి బుజ్జికి,

  

నీ ఉత్తరం అందింది. అట్లాంటిక్ మీద చట్టం వద్దన్నాక కూడా దొంగచాటుగా సాగిన బానిస వ్యాపారం గురించి పాత ఓడల దస్తావేజులు చదువుతున్నానని రాశావు. తర్వాత డర్బన్ వెళ్ళి, మనవాళ్ళను ఒప్పందం కూలీలుగా మోసుకెళ్ళిన ఓడల జాబితాల మీద పనిచెయ్యాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటావు మామయ్యా అని అడిగావు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఉప్పు మళ్ళ దగ్గర మస్టరు రాశాను. రిటైరయ్యాక పొద్దుపోక ఈ ఓడల పుస్తకాలు పట్టుకున్నాను. కాబట్టి రిజిస్టరు ఎలా పుడుతుందో కొంచెం తెలుసు. ఆ తెలిసినంత మేరకే చెబుతాను, పనికొచ్చింది పుచ్చుకో.

మొదటి మాట ఇది. రిజిస్టరు చేతికొచ్చినప్పుడు అందులో ఏం రాశారో చూసే ముందు, ఎందుకు రాశారో చూడు. రాసినవాడికి జీతమిచ్చింది ఎవరు, ఆ కాగితం తర్వాత ఎవరి బల్ల మీదికి వెళ్ళింది, అక్కడ దాంతో ఏం తేల్చుకున్నారు అని అడుగు. ఎవరి పేరు పడిందో, ఎవరి పేరు పడలేదో ఆ జవాబులోనే ఉంటుంది.

మస్టరు సంగతే చూడు. ఉప్పు మడిలోకి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దిగుతారు. ఆయన ఉప్పు లాగితే ఆవిడ తట్టకెత్తి గట్టు మీద కుప్ప పోస్తుంది. బడి లేని రోజున పిల్లాడూ ఒక చెయ్యి వేస్తాడు. కూలి మాత్రం మగాడి చేతికి. మస్టరులో పడేదీ ఆయన పేరే. రేపెవరైనా ఆ పుస్తకం తెరిస్తే ఈ ఉప్పంతా మగవాళ్ళే తీశారనుకుంటారు. అందులో అబద్ధమంటూ ఒక్క ముక్క లేదు. డబ్బు ఎవరికివ్వాలో వాళ్ళ పేరు రాశారు, అంతే.

ఇప్పుడు నీ అట్లాంటిక్‌కి వద్దాం. ఆఫ్రికా తీరాన ఓడలెక్కించినవాళ్ళు సుమారు 1 కోటీ 25 లక్షల మంది అనీ, అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్ళు సుమారు 1 కోటీ 7 లక్షలు అనీ పరిశోధకుల అంచనా. 36,000కు పైగా ప్రయాణాల వివరాలు ‘స్లేవ్ వాయేజెస్’ డేటాబేసులో ఉన్నాయని నీకు నేను చెప్పక్కర్లేదు. ఓడ పేరుంటుంది, కెప్టెన్ పేరుంటుంది, డబ్బు పెట్టిన షావుకారు పేరుంటుంది. ఎక్కిన రేవూ దిగిన రేవూ, ఎంతమంది ఎక్కారో ఎంతమంది మిగిలారో ఉంటుంది. మోసుకొచ్చిన మనిషి పేరు మాత్రం దాదాపు ఎక్కడా దొరకదు. సుంకం కట్టేవాడికీ బీమా చేసేవాడికీ తలల లెక్క చాలు మరి. 1781లో జాంగ్ అనే ఓడ మీంచి 130 మందికి పైగా మనుషుల్ని ప్రాణాలతోనే సముద్రంలోకి తోసేశారు. ఎవరి మీదా హత్య కేసు పడలేదు. పోయిన సరుకుకి బీమా డబ్బు ఇప్పించమని యజమానులే 1783లో లండన్ కోర్టుకెక్కారు కాబట్టి ఆ ఘోరం కాగితం మీదికి వచ్చింది.

పేర్లు దొరికేది ఎక్కడో చూడు. 1807లో బ్రిటన్ ఈ వ్యాపారాన్ని నిషేధించింది. మరుసటి ఏడు నుంచీ వాళ్ళ నౌకాదళం పశ్చిమ ఆఫ్రికా తీరాన కాపు కాసి, 1860 దాకా సుమారు 1,600 ఓడల్ని పట్టుకుంది. పట్టుబడ్డ ఓడల్లో చాలావాటిని సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్ రేవుకి తీసుకొచ్చి, కోర్టులో విచారించి, లోపలున్నవాళ్ళను దింపారు. దింపిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, ఆడో మగో, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, పచ్చబొట్లు రాసుకున్నారు. ఫ్రీటౌన్, హవానా కోర్టుల పుస్తకాల్లోంచి అలా 91,491 పేర్లు ఇప్పటికి బయటికి తీశారు. చట్టం ఒప్పుకుని తరలించినన్నాళ్ళూ అంకెలే మిగిలాయి. దొంగతనంగా తరలిస్తూ పట్టుబడ్డాకనే పేర్లు పుట్టాయి.

ఇది చదివి కరిగిపోకు. విడిపించినవాళ్ళను ఇంటికి పంపలేదు. కొందరిని పని నేర్చుకోమని ఎవరి కిందో పెట్టారు, కొందరిని పటాలంలో చేర్చారు, మరికొందరిని కూలిపని మీద వెస్టిండీస్ ఓడలెక్కించారు. ఎవరిని ఎవరికి అప్పగించారో లెక్క చెప్పాలి కాబట్టి పేరు కావలసొచ్చింది. అయినా ఆ అవసరం పుణ్యమా అని ఒక పిల్ల తనకు తెలిసిన పేరు తన నోటితో చెప్పగలిగింది. దుబాసీ దాన్ని విన్నట్టుగా చెప్పాడు, గుమాస్తా తనకు తోచినట్టు రాశాడు. ఆ మూడు నోళ్ళూ చేతులూ దాటి వచ్చిన పేరును ఈనాడు ఆయా భాషలు మాట్లాడేవాళ్ళ చేత చదివించి, ఏ ఊరి వైపు పేరో పోలుస్తున్నారు.

దొంగ ఓడల కాగితాలు చదివేటప్పుడు ఇంకో చూపు కావాలి. పోర్చుగల్ 1815లో భూమధ్యరేఖకు ఉత్తరాన బానిసల్ని కొనబోమని బ్రిటన్‌తో ఒప్పుకుంది. దక్షిణాన మాత్రం అనుమతి మిగిలింది. దాంతో బ్రెజిల్ ఓడలు రేఖకు దిగువనున్న మొలెంబో రేవుకి పాస్‌పోర్టు రాయించుకుని, తీరా వెళ్ళింది ఉత్తరాన బెనిన్ తీరానికి. కాగితం చూస్తే ఎక్కడా తప్పు పట్టలేవు. అందుకే 1835లో స్పెయిన్‌తో చేసుకున్న ఒప్పందంలో బ్రిటన్ వాళ్ళు కాగితాన్ని పక్కనపెట్టి ఓడనే చదివారు. నావికులకు కావలసినదాని కంటే ఎన్నో రెట్లు మంచినీళ్ళ పీపాలున్నాయా? మూత తలుపుల బదులు గాలాడే జాలీ తలుపులున్నాయా? అడుగున ఇంకో అంతస్తు పరవడానికి సరిపడా బల్లచెక్కలున్నాయా? పదిమంది సిబ్బందికి అంత పెద్ద వంట గాబు ఎందుకు? సంకెళ్ళు ఎవరికి? వీటిలో ఒక్కటి కనబడ్డా, లోపల ఒక్క మనిషి లేకపోయినా, ఓడను పట్టుకోవచ్చని రాసుకున్నారు. నువ్వూ అదే చెయ్యి. కెప్టెన్ ఎక్కడికి వెళ్తున్నానన్నాడో చదివేసి ఊరుకోక, ఎన్ని పీపాల నీళ్ళు నింపుకున్నాడో వెతుకు. అబద్ధం చెప్పాలనుకున్నవాడు గమ్యం గురించి చెబుతాడు, దాహం గురించి చెప్పలేడు.

కాగితమే లేకపోతే నేరమే లేదనుకోకు. 1860లో క్లోటిల్డా అనే ఓడ సుమారు 110 మందిని అమెరికాలోని మొబీల్‌కి దొంగతనంగా తెచ్చింది. సాక్ష్యం మిగలకూడదని కెప్టెన్ దాన్ని తగలబెట్టి నదిలో ముంచేశాడు. ఆ వచ్చినవాళ్ళు తర్వాత అక్కడే ఒక ఊరు కట్టుకుని, తమ కథ పిల్లలకు చెబుతూనే ఉన్నారు. వినేవాళ్ళు చాలామంది అది కట్టుకథ అన్నారు. 2019లో ఆ ఓడ శిథిలాలు ఇవేనని తేలింది.

మన తీరానికి ఈ మరక లేదని మాత్రం ఎక్కడా రాయకు. పదిహేడో శతాబ్దంలో డచ్చి వాళ్ళు పులికాట్ కేంద్రంగా, కరువొచ్చినప్పుడల్లా కోరమండల్ తీరం నుంచి మనుషుల్ని వేలల్లో కొని బటావియాకీ సింహళానికీ పంపారు. మద్రాసు కోట ఇంగ్లీషువాళ్ళు తలకింత అని సుంకం వసూలు చేశారు. ఆ సుంకం వల్లే ఆ లెక్కలు కోట దినచర్య పుస్తకాల్లో ఉన్నాయి. గోల్కొండ పడిపోయి మొగలాయీల పెత్తనం వచ్చాక, 1688లో ఆ మనుషుల ఎగుమతిని ఆపుతున్నామని తీర్మానించుకున్నారు. 1789లో కార్న్‌వాలిస్ బెంగాల్ నుంచి బానిసల ఎగుమతి నిషేధించాడు. మద్రాసు కూడా ఆ వెంటనే అదే బాట పట్టింది. రిచర్డ్ అలెన్ అనే చరిత్రకారుడు 2014లో అచ్చువేసిన పుస్తకంలో, 1670కీ 1810కీ మధ్య భారతదేశం నుంచి మారిషస్, రీయూనియన్ దీవులకు బానిసలుగా చేరినవాళ్ళు 20,000 నుంచి 24,000 దాకా ఉంటారని లెక్కగట్టాడు. వాళ్ళలో మన భాష మాట్లాడినవాళ్ళెందరో చెప్పే జాబితా నీకు దొరకదు. ఎందుకు దొరకదో ఇప్పటికి నీకే తెలిసుంటుంది.

ఇక నీ డర్బన్ జాబితాలు. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 342 మందితో నవంబరు 16న నాటాల్ రేవు డర్బన్ చేరింది. 1911లో ఆగిపోయేలోగా మొత్తం 384 ఓడలు 1,52,184 మందిని దింపాయి. వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. ఒక్కొక్కరికి ఒక కొలోనియల్ నంబరు. ఆ తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడ/మగ, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, ఠాణా, ఊరు. ఫ్రీటౌన్ రిజిస్టరు పక్కన పెట్టి చూడు, గళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయో! రెండు చోట్లా గుమాస్తా ముందు నిలబడ్డ మనిషి చొక్కా విప్పి మచ్చ చూపించాల్సిందే. పారిపోతే పట్టుకోవడానికి ఆ మచ్చ. దొరకి అప్పగించిన మనిషి ఇతనే అని రుజువుకి ఆ ఎత్తు.

ఈ గళ్ళు చదవడంలో మనవాళ్ళ విషయంలో నువ్వు జాగ్రత్తపడాల్సినవి కొన్ని చెబుతాను.

జిల్లా గడిలో గంజాం అని కనబడగానే హుమ్మ, ఛత్రపురం, బరంపురం అనుకోకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి అన్నీ అప్పట్లో గంజాం జిల్లాయే. కాబట్టి ఠాణా గడి చూడనిదే గంజాంవాడని తీర్మానించకు. చికాకోల్ అని ఉంటే శ్రీకాకుళం. ఇప్పటి పటం పెట్టుకుని వెతికితే సగంమంది తప్పిపోతారు. మద్రాసు రాష్ట్రం నాటి తాలూకా పటం ఒకటి సంపాదించుకో.

పేర్ల గురించి. ఓడెక్కే ముందు జనాన్ని ఉంచిన మద్రాసు డిపోలో రాసినవాడికి మన పలుకు కొత్త. వెంకన్నలో ఒత్తు ఎగిరిపోతుంది, రాములు చివర దీర్ఘం చేరుతుంది. ఇంటిపేరు రాయలేదు, దానికి గడే లేదు. అందుకని ఆ దేశంలో తాత పేరే మనవలకు ఇంటిపేరైంది. డర్బన్‌లో అప్పల్‌సామీ అనే ఇంటిపేరు వినబడితే ఒక్క క్షణం ఆగు. అప్పలస్వామి అని పేరు పెట్టుకునేది సింహాచలం అప్పన్నకు మొక్కుకునే మన వైపు వాళ్ళు. జిల్లా గడి చిరిగిపోయినా ఆ పేరే నీకు దారి చూపిస్తుంది. కొన్ని దస్తావేజుల్లో తెలుగువాళ్ళని జెంటూలనీ, తెలింగలనీ రాశారు. మారిషస్‌లో, బర్మాలో అయితే కోరంగి రేవు పేరు మీద కోరంగీలన్నారు. వెతికేటప్పుడు ఈ మాటలు కూడా వేసి చూడు.

కులం గడిని నమ్ముతూనే అనుమానించు. డిపోలో ఏ కులం చెబితే తీసుకుంటారో కూలీలను కుదిర్చే మేస్త్రీలకు తెలుసు, వాళ్ళు ముందే నేర్పేవారు. వయసూ అంతే, పనికి సరిపడా వయసు రాయించేవారు. ఆడవాళ్ళ గడుల దగ్గర మరీ నెమ్మదిగా వెళ్ళు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని నిబంధన. ఆ లెక్క నింపడానికి ఒంటరి ఆడమనిషిని ఎవరికో భార్యగా రాసిన సందర్భాలు ఉంటాయని మనసులో పెట్టుకో. కానీ ఒక ఫలానా వరుస చూసి ఈవిడ కథ ఇదీ అని అల్లేయకు. సురేంద్ర భానా ఈ జాబితాల మీద చేసిన అధ్యయనం 1991లో పుస్తకంగా వచ్చింది. ముందు అది చదువు, వరుసల్లోకి తర్వాత దిగు.

ఇవి బానిస ఓడలే కదా, పేరు మార్చారు అంతే అని నీ ఉత్తరంలో రాశావు. కోపం అర్థమైంది. హ్యూ టింకర్ 1974లో తన పుస్తకానికి ‘కొత్తరకం బానిసత్వం’ అన్న అర్థమిచ్చే పేరే పెట్టాడు. అది 1840లో లార్డ్ జాన్ రస్సెల్ అన్న మాట. అయినా నువ్వు ఆ రెండిటినీ ఒకే గాట కట్టకు. నాటాల్ వెళ్ళినవాడికి ఒప్పందానికి గడువుంది, నెలకి పది షిల్లింగుల జీతముంది, పదేళ్ళయ్యాక తిరుగు టిక్కెట్టు హక్కుంది. బిడ్డ పుడితే దొర సొత్తు కాదు. 1871లో తిరిగొచ్చినవాళ్ళు మద్రాసులో దిగి, కొరడా దెబ్బల గురించీ ఎగ్గొట్టిన జీతాల గురించీ ఫిర్యాదు చేస్తే, నాటాల్ ప్రభుత్వం 1872లో విచారణ కమిషన్ వెయ్యక తప్పలేదు. అట్లాంటిక్ బానిసకి తిరిగొచ్చి ఫిర్యాదు చేసే రేవే లేదు. ఇటు చూస్తే, అనుమతి లేకుండా తోట దాటినవాడికి జైలు. గడువయ్యాక అక్కడే ఉంటానంటే 1895 చట్టం ప్రకారం ఏటా మూడు పౌండ్ల పన్ను. ఈ రెండు పక్కలా ఉన్నవి ఉన్నట్టు రాస్తే చదివేవాడు తనే తూకం వేసుకుంటాడు. పెద్ద మాట వాడితే మనవాళ్ళ బాధ పెద్దదైపోదు. ఆఫ్రికావాళ్ళ బాధ మాత్రం చిన్నదైపోతుంది.

ఇంకొక్క సంగతి, ఇది నాకు బాగా దగ్గరిది. మన గంజాం వాళ్ళు ఎక్కువగా వెళ్ళింది నాటాల్ కాదు, రంగం, అంటే రంగూన్. గోపాలపురంలో, బారువలో, కళింగపట్నంలో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరు ఎక్కి రంగూన్ వెళ్ళి, రేవులో బస్తాలు మోసి, బియ్యం మిల్లుల్లో పనిచేసి, వానలకి ఇంటికి డబ్బు పంపినవాళ్ళు లెక్కకు మించి. డెక్కు టిక్కెట్టుకి పేరు అక్కర్లేదు. ప్రభుత్వం ఎవరికీ పూచీ పడలేదు. మేస్త్రీ చేతి అప్పే వాళ్ళ ఒప్పందం, అది మేస్త్రీ పద్దు పుస్తకంతో పోయింది. ఏటా ఎంతమంది వెళ్ళారో ఎంతమంది వచ్చారో అంకెలున్నాయి, మనుషులు లేరు. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళకూ, 1942లో జపాన్ బాంబులకు భయపడి అరకాన్ కొండల మీదుగా నడుస్తూ దారిలో పడిపోయినవాళ్ళకూ మచ్చా ఎత్తూ రాసిన పుస్తకం ఏదీ లేదు. బానిసకంటే, ఒప్పందం మీద వెళ్ళిన గిర్మిటియా కూలీకంటే స్వేచ్ఛగా వెళ్ళినవాళ్ళు వీళ్ళు. అందుకే ఎవరూ పేరు రాసుకోలేదు.

అందుకని నీకు రెండు పనులు చెబుతున్నాను. డర్బన్‌లో, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పేర్లున్న పుస్తకాలు చదువు. ఇంటికొచ్చినప్పుడు పేర్లు లేనివాళ్ళను కూడా వెతుకు. గోపాలపురం సముద్రపొడ్డున పాత రేవు స్తంభాల దగ్గర నిలబడితే ఏమీ దొరకదు. చుట్టుపక్కల ఊళ్ళ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు తెరిపించు. మనియార్డరు రసీదులు, రంగం డబ్బుతో కొన్న పొలం దస్తావేజులు, గుడికి ఇచ్చిన గంట మీద చెక్కిన పేర్లు ఇవే వాళ్ళ ఓడ జాబితాలు. ముసలివాళ్ళతో మాట్లాడు. వాళ్ళు చెప్పింది కట్టుకథ అనే ముందు క్లోటిల్డాని గుర్తు చేసుకో.

డర్బన్‌లో నిన్ను వెతుక్కుంటూ జనం వస్తారు. ముత్తాత నంబరు చూపించి మా ఊరేదో చెప్పమంటారు. తెలిసినంత చెప్పు, తెలియకపోతే తెలియదను. వాళ్ళను సంతోషపెట్టడానికి ఊరు కల్పించకు. కులం గడిలో ఏముందో అడక్కుండా నలుగురి ముందూ చదవకు. సముద్రం దాటి కులం దించుకున్నవాళ్ళుంటారు, మార్చుకున్నవాళ్ళుంటారు. ఆ కాగితం వాళ్ళ ఇంటి సొత్తు, ఎప్పుడు తెరవాలో వాళ్ళిష్టం.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాను. నువ్వు వెళ్ళాక జిల్లా గడిలో గంజాం అని ఉన్న మొదటి ఇరవై వరుసలు, ఆ గుమాస్తా ఎలా రాశాడో అలాగే, ఒక్క అక్షరం దిద్దకుండా రాసి పంపు. రుషికుల్య నుంచి నాగావళి దాకా ఊళ్ళన్నీ నాకూ నా స్నేహితులకూ నోటికొచ్చు. ఏది ఏ ఊరో మేం పోలుస్తాం. మాకు అందనిదాన్ని అందలేదనే రాస్తాం, నువ్వూ అలాగే అచ్చు వెయ్యి.

అమ్మమ్మ నీకు ఆవకాయ పార్సిలు కడుతోంది. వేళకి తిను, రాత్రిళ్ళు కళ్ళు పాడుచేసుకోకు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ మామయ్య